ప్లాస్టిక్ ప్రస్థానం – 5వ భాగం: శిలారసం నుంచి థర్మోకోల్ దాకా

గత భాగంలో బేకలైట్ కథ చూశాం. మన దేశం నుంచి ఓడలకెక్కే లక్కకు బదులుగా 1907లో లియో బేక్‌లాండ్ దాన్ని తయారుచేశాడు. అంతకుముందు సెల్యులాయిడ్ ఏనుగు దంతం స్థానంలోకి వచ్చింది. రెండూ ఏదో ఒక కొరత తీర్చడానికి పుట్టినవే. ఈ భాగంలో చెప్పుకోబోయే ప్లాస్టిక్‌ను మాత్రం ఎవరూ కోరి కనిపెట్టలేదు. ఎవరి ప్రమేయమూ లేకుండా ఒక సీసాలో దానంతట అదే తయారైంది. తయారైంది ఏమిటో తేలడానికే ఎనభై ఏళ్లు పట్టింది. దాని పేరు పాలిస్టైరీన్. గట్టిగా, పారదర్శకంగా ఉంటే పాటల క్యాసెట్ డబ్బా అవుతుంది. నురగలా పొంగితే థర్మోకోల్ అవుతుంది. మన విశాఖపట్నానికి దీనితో అరవై ఏళ్ల చుట్టరికం ఉంది. ఆ చుట్టరికం ఎలా ముగిసిందో తెలుగువాళ్లందరికీ గుర్తే.

బెర్లిన్‌లో ఎడ్వర్డ్ సైమన్ అనే మందుల దుకాణదారు ఉండేవాడు. ఆ రోజుల్లో ఐరోపాలో మందులు అమ్మేవాళ్లే వాటిని తయారుచేసేవాళ్లు కూడా. మూలికలు నూరడం, బంకలు కరిగించడం, తైలాలు బట్టీ దించడం వాళ్లకు నిత్యం ఉండే పని. 1839లో సైమన్ శిలారసం మీద పని మొదలుపెట్టాడు. టర్కీ నైరుతి మూలన పెరిగే ఒక చెట్టు బెరడుకు గాటు పెడితే కారే సువాసన బంక అది. మన ఆయుర్వేదానికీ, ధూపద్రవ్యాలకూ కూడా పాత పరిచయమే.

ఆ బంకను బట్టీ దించితే నూనెలాంటి తేట ద్రవం వచ్చింది. సైమన్ దానికి స్టైరోల్ అని పేరు పెట్టి సీసాలో పోసి ఉంచాడు. కొంతకాలానికి తీసి చూస్తే ద్రవం లేదు, చిక్కటి జిగురుముద్ద ఉంది. అందులో ఆయన ఏమీ కలపలేదు, పొయ్యి మీద పెట్టలేదు. గాలిలోని ఆక్సిజన్ పట్టి ఇలా మారి ఉంటుందని ఊహించి, ఆ ముద్దను స్టైరోల్ ఆక్సైడ్ అన్నాడు. అప్పటికి తెలిసిన రసాయనశాస్త్రం ప్రకారం అది సబబైన ఊహే. కానీ నిజం కాదు.

ఆరేళ్ల తర్వాత, 1845లో, లండన్‌లో ఆ సంగతి తేలింది. ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ అనే జర్మన్ ఆచార్యుడూ, జాన్ బ్లైత్ అనే రసాయనవేత్తా కలిసి స్టైరోల్‌ను గాజు గొట్టంలో పోసి, గాలి చొరకుండా మూతి మూసి వేడిచేశారు. ద్రవం అలాగే గట్టిపడింది. గట్టిపడిన పదార్థాన్ని విశ్లేషిస్తే కార్బన్, హైడ్రోజన్ పాళ్లు ముందున్నట్టే ఉన్నాయి. కొత్తగా ఏదీ చేరలేదు, ఉన్నదేదీ పోలేదు. పాళ్లు అవే అయినప్పుడు ద్రవం ఘనం ఎలా అయింది? 1866లో ఫ్రెంచి శాస్త్రవేత్త మార్సెలిన్ బెర్తెలో, ఆ ద్రవపు అణువులే ఒకదానితో ఒకటి కలిసిపోతున్నాయని చెప్పాడు. ఎన్ని కలుస్తున్నాయో, ఎలా కలుస్తున్నాయో చెప్పగలిగినవాళ్లు లేరు. పాఠకులు ఈ సీసా సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. వేడి తగిలినా, తగలకపోయినా తనంతట తాను గట్టిపడే గుణమే ఈ ద్రవానికి విలువ తెచ్చింది, ప్రమాదమూ తెచ్చింది.

ఆ ముడి విప్పినవాడు హెర్మన్ స్టాడింగర్. ప్లాస్టిక్ చరిత్రలో ఎవరికైనా ఒక భాగం మొత్తం కేటాయించాలంటే ఆయనకే కేటాయించాలి. 1920లో, జూరిక్‌లో ఆచార్యుడిగా ఉండగా, ఆయన ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. రబ్బరు, పాలిస్టైరీన్ వంటి పదార్థాల్లో వందలు, వేలు చిన్న అణువులు మామూలు రసాయన బంధాలతోనే వరుసగా అతుక్కుని, దారానికి గుచ్చిన పూసల్లా పొడవాటి గొలుసులు అవుతాయని అందులో వాదించాడు. ఇవాళ పదో తరగతి పిల్లలు కూడా చదువుకునే విషయం ఇది. ఆనాటి పెద్దలు ససేమిరా ఒప్పుకోలేదు. అంత పెద్ద అణువు ప్రకృతిలో ఉండదనీ, చిన్న అణువులే ఏదో బలహీనమైన ఆకర్షణతో గుంపుగా చేరి పెద్దవాటిలా కనిపిస్తున్నాయనీ వాళ్ల నమ్మకం. ఈ పెద్ద అణువుల పిచ్చి వదిలెయ్యమని సాటి ఆచార్యులే ఆయనకు సలహా ఇచ్చారు.

స్టాడింగర్ వదల్లేదు. తన వాదం నిరూపించడానికి ఆయన ఎంచుకున్న వాటిలో ముఖ్యమైనది పాలిస్టైరీనే. సైమన్ స్టైరోల్ అన్న ద్రవాన్నే ఇప్పుడు స్టైరీన్ అంటున్నాం. దాన్ని చల్లని చోట నెమ్మదిగా గట్టిపడనిస్తే పొడవు గొలుసులు వస్తాయి. బాగా వేడిచేసి తొందరపెడితే పొట్టి గొలుసులు వస్తాయి. ఈ రకరకాల పాలిస్టైరీన్లను ద్రావకంలో కరిగించి, ఆ ద్రావణం సన్నని గొట్టంలోంచి ఎంత చిక్కగా జారుతోందో కొలిచాడు. గొలుసు పొడవు పెరిగేకొద్దీ చిక్కదనం పెరిగింది. వట్టి గుంపులే అయితే ద్రావకం మార్చగానే విడిపోవాలి. ఏ ద్రావకంలో వేసినా విడిపోలేదు. ఫ్రైబుర్గ్‌కు మారాక ఏళ్ల తరబడి ఇదే పని. వృక్షశాస్త్రవేత్త అయిన ఆయన భార్య మాగ్డా ఈ పరిశోధనల్లో ఆయనకు తోడుగా నిలిచింది. 1953లో, 72వ ఏట, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పత్రం రాసిన 33 ఏళ్లకు! ఆ నడుమ ప్రపంచం ఆయన గొలుసులతోనే నైలాన్ మేజోళ్లు తొడుక్కుంది, పాలిథిన్‌తో రాడార్ తీగలకు తొడుగులు వేసింది. శాస్త్రం తేల్చుకునేలోగానే కర్మాగారం నడిచింది.

పాలిస్టైరీన్ కర్మాగారం ముందుగా జర్మనీలో లేచింది. ఐజీ ఫార్బెన్ అనే మహా రసాయన సంస్థ 1930 దశకం మొదట్లో రైన్ నది ఒడ్డున లుడ్విగ్స్‌హాఫెన్‌లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ దశకం చివరికి అమెరికాలో డౌ కెమికల్ అందుకుంది. శిలారసం అవసరం అప్పటికే తీరిపోయింది. బెంజీన్‌ను ఇథిలీన్‌తో కలిపి, అందులోంచి హైడ్రోజన్ తీసేస్తే టన్నులకొద్దీ స్టైరీన్ వస్తుంది. బెంజీన్ మొదట్లో బొగ్గు నుంచి వచ్చేది, తర్వాత పెట్రోలియం నుంచి.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది.

1941 డిసెంబరులో జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. కొద్ది నెలల్లోనే మలయా, సింగపూర్, డచ్ ఈస్టిండీస్ దాని చేతిలోకి వెళ్లిపోయాయి. ప్రపంచానికి అందే సహజ రబ్బరులో అత్యధిక భాగం అక్కడి తోటలదే. టైర్లు లేకపోతే లారీ కదలదు, విమానం దిగదు. అమెరికా ప్రభుత్వం కృత్రిమ రబ్బరుకు పూనుకుంది. అందులో మూడు పాళ్లు బ్యూటాడైయీన్, ఒక పాలు స్టైరీన్. ప్రభుత్వ సొమ్ముతో పదుల సంఖ్యలో కర్మాగారాలు లేచాయి. 1945 నాటికి ఏడాదికి 9 లక్షల టన్నుల పైచిలుకు కృత్రిమ రబ్బరు తయారైంది.

ఇదే రబ్బరు కోసం ఐజీ ఫార్బెన్ చేసిన పనిని ఈ ధారావాహికలో చెప్పకుండా దాటవేయడం తప్పు. పోలండ్‌లో ఆష్విట్జ్ మరణశిబిరం పక్కనే, మోనోవిట్జ్‌లో, ఆ సంస్థ బూనా రబ్బరు కర్మాగారం కట్టించింది. కూలీలు శిబిరంలోని ఖైదీలే. తిండి లేక, చలికి, దెబ్బలకు వేలమంది అక్కడ చనిపోయారు. పని చేసే శక్తి పోయినవాళ్లను గ్యాస్ గదులకు పంపారు. ప్రిమో లెవీ అనే ఇటాలియన్ యూదు రసాయనవేత్త 1944లో అక్కడికి ఖైదీగా వచ్చాడు. చివరి నెలల్లో కర్మాగారం ప్రయోగశాలలో పని దొరకడం ఆయన ప్రాణాలు దక్కడానికి ఒక కారణమైంది. ఇన్ని ప్రాణాలు బలిగొన్న ఆ కర్మాగారం నుంచి రబ్బరు మాత్రం ఎన్నడూ బయటికి రాలేదు.

యుద్ధం ముగిసింది. మలయా తోటల రబ్బరు మళ్లీ రావడం మొదలైంది. అమెరికాలో స్టైరీన్ కర్మాగారాలు మాత్రం అలాగే ఉన్నాయి. కట్టిన యంత్రాలను ఖాళీగా ఉంచలేరు కదా. స్టైరీన్ ధర పడిపోయింది, పాలిస్టైరీన్ చవకైపోయింది. బొమ్మలు, దువ్వెనలు, వంటింటి డబ్బాలు, రేడియో పెట్టెలు వరుసకట్టాయి. 1950 డిసెంబరులో ఫ్రాన్స్‌లో బిక్ సంస్థ తెచ్చిన పారదర్శకపు బాల్‌పెన్ను గొట్టం పాలిస్టైరీనే. ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను పెంచే గాజు పళ్లేల స్థానంలోకి కూడా పాలిస్టైరీన్ పళ్లేలు వచ్చాయి. కడిగి, ఉడకబెట్టి మళ్లీ వాడే పళ్లెం పోయి, వాడి పారేసే పళ్లెం వచ్చింది. యుద్ధానంతర ప్లాస్టిక్ వ్యాపారం అసలు మలుపు ఇక్కడే ఉందని చెప్పాలి. లక్కకూ దంతానికీ బదులుగా వచ్చిన ప్లాస్టిక్ దశాబ్దాలు మన్నడానికి పుట్టింది. మిగులు స్టైరీన్‌లోంచి పుట్టిన ప్లాస్టిక్‌కు కొనేవాడు మళ్లీ మళ్లీ రావాలి. వస్తువు మన్నితే వాడు రాడు.

ఇక నురగ సంగతి. స్వీడన్‌కు చెందిన కార్ల్ ముంటర్స్ 1930 దశకం మొదట్లోనే పాలిస్టైరీన్‌ను పొంగించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో డౌ సంస్థలో రే మెకింటైర్ 1941 ప్రాంతంలో మళ్లీ అదే దారి పట్టాడు. ఆ నురగ దిమ్మెలతో 1942లో అమెరికా తీరరక్షక దళం ప్రాణరక్షక తెప్పలు కట్టించింది. మన ఇళ్లకు వచ్చే థర్మోకోల్ మాత్రం ఇది కాదు. దాన్ని కనిపెట్టింది జర్మనీలోని బీఏఎస్‌ఎఫ్ సంస్థలో పనిచేసిన ఫ్రిట్జ్ స్టాస్ట్నీ. 1949లో ఆయన పాలిస్టైరీన్‌లో త్వరగా ఆవిరయ్యే ద్రవం కలిపి, ఒక బూట్ల పాలిష్ డబ్బాలో పోసి, వెచ్చని పెట్టెలో పెట్టి మరిచిపోయాడట. మర్నాడు చూస్తే డబ్బా మూతను నెత్తిన పెట్టుకుని నురగ స్తంభం పైకి లేచి ఉంది. ఈ ఉదంతాన్ని ఆ సంస్థే చెప్పుకుంటుంది.

దగ్గరగా చూస్తే పని తీరు చాలా సులువు. కర్మాగారానికి వచ్చే ముడిసరుకు పంచదార పలుకులంత గట్టి పూసలు. ఒక్కో పూసలో కొద్దిగా పెంటేన్ అనే ద్రవం ఇంకి ఉంటుంది. ఆవిరి తగలగానే పాలిస్టైరీన్ మెత్తబడుతుంది, లోపలి పెంటేన్ వాయువై పూసను పొంగిస్తుంది. పలుకు కాస్తా మెరిసే తెల్లటి గుండు అవుతుంది. ఈ గుండ్లను కొన్ని గంటలు ఆరనిచ్చి, అచ్చులో నింపి మళ్లీ ఆవిరి పడతారు. చోటు చాలక ఒకదాన్నొకటి ఒత్తుకుని అతుక్కుపోతాయి. థర్మోకోల్ ముక్కను విరిస్తే రాలే గుండ్లు ఇవే. ముక్క మొత్తంలో 98 శాతం గాలి, 2 శాతమే ప్లాస్టిక్. అందుకే తేలిక, అందుకే చవక. లోపల ఇరుక్కున్న గాలి కదలదు కాబట్టి వేడినీ చలినీ అంత తొందరగా దాటనివ్వదు.

ఈ గుణాలు అక్కరకొచ్చే చోట్లు నిజంగా ఉన్నాయి. భీమవరం, నెల్లూరు ప్రాంతాల రొయ్యలు మంచులో పెట్టి దూరాలు పంపాలన్నా, టీకా సీసాలు ఎండాకాలంలో చెడకుండా జిల్లా దాటించాలన్నా, ఫ్రిజ్జు సొట్టపడకుండా ఇల్లు చేరాలన్నా ఈ 2 శాతం ప్లాస్టిక్ చేసే మేలు చిన్నదేం కాదు. థర్మోకోల్‌ను మొత్తంగా దోషిగా నిలబెట్టడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, అదే పదార్థం అరగంట భోజనానికి కంచమైనప్పుడు. 1960లో అమెరికాలో డార్ట్ సంస్థ నురగ కప్పులు అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత పళ్లేలు, హోటళ్ల పార్సిల్ డబ్బాలు వచ్చాయి. మన దగ్గర పెళ్లి మండపం మీద వధూవరుల పేర్లు చెక్కిన అక్షరాలు, వినాయక చవితి పందిళ్లలో తెల్లటి గోపురాలు, అన్నదానాల్లో కంచాలు వచ్చాయి. విశాఖ మన్యంలో అడవి తీగ నుంచి అడ్డాకు కోసి, ఎండబెట్టి, పుల్లతో కుట్టి సంతలో అమ్ముకునే ఆదివాసీ ఆడవాళ్లకు ఆ కంచమే పోటీగా నిలిచింది.

మన దేశంలో పాలిస్టైరీన్ తయారీ 1957లో మొదలైంది. నాలుగేళ్లకు, 1961లో, విశాఖపట్నంలో హిందుస్థాన్ పాలిమర్స్ వెలిసింది. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఉన్న ఆ చోటు అప్పట్లో ఊరి పొలిమేర. 1978లో అది యూబీ గ్రూపుకు చెందిన మెక్‌డోవెల్‌లో కలిసింది. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ చేతికి వచ్చి ఎల్‌జీ పాలిమర్స్ అయింది. ఈలోగా నగరం పెరిగి కర్మాగారం గోడ దాకా వచ్చింది. విదేశాల నుంచి ఓడల్లో దిగిన స్టైరీన్ పెద్ద పెద్ద ట్యాంకుల్లో నిలవ ఉండేది.

స్టైరీన్‌ను నిలవ ఉంచడమంటే సైమన్ సీసాలో జరిగింది ట్యాంకులో జరగకుండా కాచుకోవడమే. అందుకు రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ద్రవాన్ని చల్లగా ఉంచాలి, గొలుసు కట్టనివ్వని టీబీసీ అనే రసాయనాన్ని తగు పాళ్లలో కలుపుతూ ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా అణువులు కలవడం మొదలవుతుంది. కలిసిన ప్రతిసారీ వేడి పుడుతుంది. ఆ వేడికి మరిన్ని కలుస్తాయి. చిన్న సీసాలో పుట్టే వేడి గాలిలో కలిసిపోతుంది. వందల టన్నుల ట్యాంకులో పుట్టిన వేడికి పోయే దారి లేదు.

2020 మార్చి చివర్లో కరోనా లాక్‌డౌన్‌తో కర్మాగారం మూతపడింది. ట్యాంకులో స్టైరీన్ అలాగే ఉండిపోయింది. మే 7 తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో అది మరిగి ఆవిరై బయటికి తన్నింది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లు బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది. జనం నిద్రలో ఉన్న వేళ అది వెంకటాపురం వీధుల్లోకి, ఇళ్లలోకి వచ్చింది. మెలకువ వచ్చినవాళ్లు కళ్లు మండి, ఊపిరాడక పరుగెత్తారు. చాలామంది రోడ్ల మీదే స్పృహ తప్పి పడిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. పశువులు కట్టుకొయ్యల దగ్గరే చచ్చిపోయాయి. చెట్ల ఆకులు మాడిపోయాయి. ట్యాంకును అదుపులోకి తేవడానికి కావలసిన టీబీసీని గుజరాత్‌లోని వాపి నుంచి విమానంలో తెప్పించాల్సి వచ్చింది. తర్వాత విశాఖలో మిగిలి ఉన్న సుమారు 13 వేల టన్నుల స్టైరీన్‌ను ఓడల్లో తిరిగి కొరియా పంపించేశారు.

రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ఉన్నతస్థాయి కమిటీ వేసింది. ఆ ఏడాది జులైలో కమిటీ ఇచ్చిన నివేదిక చదివితే కడుపు మండుతుంది. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. పైపొరలు కాగిపోతున్నా అడుగున చల్లగానే చూపిస్తుంది. చల్లబరిచే యంత్రాలను పగలు నడిపి సాయంత్రానికి ఆపేసే అలవాటు ఉంది. టీబీసీ చాలినంత లేదు. ప్రమాద సైరన్ ఉంది, ఎవరూ మోగించలేదు. చెల్లుబాటయ్యే కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే నడుస్తున్నట్టు కంపెనీయే 2019లో ఒక అఫిడవిట్‌లో ఒప్పుకుని ఉంది. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిన శాస్త్రం ఏదీ లేదు. స్టైరీన్ దానంతట అది గట్టిపడుతుందని తెలిసి అప్పటికి 181 ఏళ్లు. వేడిమికి ఆ పని తొందరవుతుందని తెలిసి 175 ఏళ్లు. చనిపోయిన పన్నెండు మందినీ బలితీసుకున్నది తెలియనితనం కాదు, నిర్లక్ష్యం. మరణించినవారి కుటుంబాలకు ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున ఇచ్చింది. సంస్థ ముందుగా 50 కోట్లు జమ చేయాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. స్టైరీన్ మనుషుల్లో క్యాన్సర్‌కు కారణం కాగల పదార్థాల జాబితాలో ఉందనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2018లో దాన్ని మరింత ప్రమాదకరమైన తరగతికి మార్చిందనీ కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

ప్లాస్టిక్ చెడుగు అనగానే మనకు గుర్తొచ్చేది కాలవలో తేలే చెత్త. వస్తువు పారేశాక జరిగే చెరుపు మాత్రమే లెక్కలోకి వస్తుంది. వస్తువు తయారయ్యే చోట గోడకవతల ఎవరు నిద్రపోతున్నారన్నది ఎవరూ అడగరు. ఒక పళ్లెం ఖరీదులో వెంకటాపురం కూడా కలిసి ఉండాలి.

పారేశాక ఏమవుతుందన్నదీ చిన్న విషయం కాదు. థర్మోకోల్ ముక్క చిట్లి గుండ్లుగా విడిపోతుంది. గాలికి ఎగిరి, కాలవల్లో పడి, సముద్రం చేరుతుంది. చేపలూ పక్షులూ తిండి అనుకుని మింగుతాయి. పాత సామాన్లు కొనేవాళ్లు ఇనుమూ, అట్టా, నీళ్ల సీసాలూ తీసుకుంటారు గానీ థర్మోకోల్ ముట్టుకోరు. వాళ్లను తప్పుపట్టే వీలు లేదు. లారీ నిండా థర్మోకోల్ ఎత్తితే రవాణా అయ్యేది దాదాపు గాలే. డీజిల్ ఖర్చు కూడా తిరిగి రాదు. నలగ్గొట్టి దిమ్మెలు చేసే యంత్రం సేకరించే చోటే ఉంటే తప్ప ఈ లెక్క కుదరదు.

వద్దనడం మొదలై చాలాకాలమే అయింది. అమెరికాలో బడిపిల్లలూ, పర్యావరణ సంఘాలూ పట్టుబట్టడంతో 1990 నవంబరులో మెక్‌డొనాల్డ్స్ తన నురగ డబ్బాలు మానేస్తున్నట్టు ప్రకటించింది. ఐరోపా సమాఖ్య 2021 జులై నుంచి థర్మోకోల్ తిండి డబ్బాలనూ కప్పులనూ నిషేధించింది. మన దేశంలో 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఒక్కసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల నిషేధంలో అలంకరణకు వాడే థర్మోకోల్‌తోపాటు ప్లాస్టిక్ పళ్లేలు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి. చట్టం స్పష్టంగానే ఉంది. అయినా సంతల్లో, పందిళ్లలో తెల్లటి పళ్లేలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. పేపర్ ప్లేట్ల పేరుతో అమ్ముతున్నవాటిలో చాలావాటికి లోపల పల్చటి ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది.

ఇక ముందేమిటి? 2015లో చైనా, అమెరికా శాస్త్రవేత్తలు పిండిపురుగు జాతి లార్వాలు థర్మోకోల్ తిని బతకగలవని చూపించారు. వాటి కడుపులోని సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. వార్త ప్రపంచమంతా మారుమోగింది. కానీ అదే పరిశోధనలో 100 పురుగులు రోజుకు తిన్నది 34 నుంచి 39 మిల్లీగ్రాములు. ఆ లెక్కన ఒక కిలో థర్మోకోల్‌ను ఒక్క రోజులో తినిపించాలంటే 25 లక్షలకు పైగా పురుగులు కావాలి. ఆ సూక్ష్మజీవుల్లోంచి ఎంజైములు వేరుచేసి వాడుకోవడం మీద పని సాగుతోంది. ఆశ ఉంది గానీ పారేసే చెయ్యి దాన్ని నమ్ముకోవడానికి లేదు.

పాలిస్టైరీన్‌కు మరో ప్రత్యేకత ఉంది. చాలా ప్లాస్టిక్కులను కాచితే రకరకాల నూనెలు, మైనాలు కలగాపులగంగా వస్తాయి. దీన్ని గాలి తగలకుండా 400 డిగ్రీలు దాటించి వేడిచేస్తే గొలుసు ఊడిపోయి, ఎక్కువ భాగం మళ్లీ స్టైరీనే దిగుతుంది. ఈ పద్ధతిని పెద్ద ఎత్తున నడపాలని కొన్ని దేశాల్లో ప్రయత్నాలు జరుగుతున్నాయి. వస్తే మంచిదే. కాకపోతే ఊరూరా చిట్లిన గుండ్లను ఏరి, కడిగి, ఆ కొలిమి దాకా చేర్చేదెవరన్న ప్రశ్న అలాగే ఉంటుంది. పైగా దిగేది స్టైరీన్. దాన్ని నిలవ ఉంచడానికి మళ్లీ ట్యాంకే కావాలి.

ప్యాకింగ్ దిమ్మెలకు బదులుగా పంట వ్యర్థాల మీద పుట్టగొడుగు వేరుపోగులను పెంచి అచ్చుపోసే పద్ధతి ఒకటి అమెరికాలో 2007 నుంచి వ్యాపారంగా నడుస్తోంది. వాడాక విరిచి మట్టిలో కలిపితే కుళ్లిపోతుంది. వరిగడ్డీ, ఊకా కొదవలేని మన కోస్తా జిల్లాలూ, తెలంగాణ పల్లెలూ ఈ దారి మీద గట్టిగా దృష్టి పెట్టవలసి ఉంది.

2019లో ప్రపంచం 46 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వాడిందని ఓఈసీడీ లెక్క. వ్యర్థంగా మారినదాంట్లో మళ్లీ వాడకంలోకి వచ్చింది 9 శాతమే. ప్లాస్టిక్ కాలుష్యం మీద అన్ని దేశాలూ కట్టుబడే ఒప్పందం కుదుర్చుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సభ తీర్మానించింది. 2024 చివర దక్షిణ కొరియాలోని బుసాన్‌లో చర్చలు తేలలేదు. 2025 ఆగస్టులో జెనీవాలో కూడా ఒప్పందం కుదరకుండానే ముగిశాయి. ముఖ్యమైన తగాదా ఒకటే: ఉత్పత్తికి పరిమితి పెట్టాలా, చెత్తను ఎత్తడంతో సరిపెట్టాలా? చమురు అమ్ముకునే దేశాలు రెండోదే చాలంటున్నాయి. పాలిస్టైరీన్ కథ తెలిసినవాళ్లు ఆ మాట ఒప్పుకోలేరు. దీని ఉత్పత్తి పెరిగింది జనం అడిగినందుకు కాదు, యుద్ధకాలపు కర్మాగారాలకు పని చూపించడానికి. కొళాయి కట్టకుండా నేల తుడుస్తూ కూర్చుంటే ఎన్నటికీ తెమలదు.

ఒప్పందం ఎప్పటికి కుదురుతుందో గానీ పెళ్లిళ్ల ముహూర్తాలు ఆగవు. ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నవాళ్లు కేటరింగ్ వాళ్లతో వంటకాల జాబితా మాట్లాడేటప్పుడే కంచాల సంగతీ తేల్చుకోండి. అరిటాకో, అడ్డాకు విస్తరో, కడిగి వాడే స్టీలు కంచమో కావాలని అడగండి. మండపం మీద పేర్లు పూలతో రాయమనండి. కొత్త ఫ్రిజ్జో, టీవీనో కొంటే, దానితో వచ్చిన థర్మోకోల్ దిమ్మెలు వెనక్కి తీసుకెళ్లమని దుకాణంవాళ్లను నిలదీయండి. ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకునే బాధ్యత అది మార్కెట్లోకి తెచ్చినవాళ్లదేనని మన దేశపు నిబంధనలే చెబుతున్నాయి.

వచ్చే భాగంలో: 1933లో ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం విఫలమై మిగిలిన తెల్లటి మైనపు ముద్ద, పాలిథిన్ సంచి అయిన కథ.